చిన్న షంటింగ్ ఇంజను కొంటే నవ్వుతున్నారు, మెట్ల కింద ఐదడుగుల్లో దీంతో ఏం చెయ్యొచ్చు?

విజీనగరం_సత్తి
హెచ్‌ఓ స్కేలులో, అంటే అసలు సైజులో 87వ వంతు, నా మొదటి మోడల్ రైలింజను కొన్నాను. షంటింగ్ ఇంజను, యార్డులో పెట్టెల్ని ఇటు నుంచి అటు మార్చేది, అరచేతిలో పట్టేస్తుంది. ఫొటో రైలు గ్రూపులో పెడితే వచ్చిన మొదటి కామెంటు "మిగతా సగం ఎప్పుడొస్తుంది?" అని. ఇంట్లో మా ఆవిడ ఇంకా ఏమైనా ఉందేమోనని అట్టపెట్టె తిరగేసి దులిపింది.

నాకున్న చోటు మేడ మెట్ల కింద ఐదడుగుల పొడవు, అడుగు వెడల్పు చెక్క. అంతే. పెద్ద ఇంజను పెట్టి ఎర్ర బోగీలు తగిలించి గిరగిరా తిప్పాలని నాకూ ఉంది, చోటేదీ? అయినా ఈ బుజ్జిదాన్నే ఎందుకు కొన్నానంటే, చిన్నప్పుడు మా ఇల్లు విజయనగరం స్టేషనుకి దగ్గర. రాత్రి పడుకుంటే యార్డులో వ్యాగన్లు ఒకదాన్నొకటి గుద్దుకుంటూ పోయే చప్పుడు మంచం దాకా వచ్చేది. ముందు గట్టిగా ఒకటి, తర్వాత చిన్నగా, ఇంకా చిన్నగా, ఎక్కడో చివర ఆగిపోయేది. మెయిలు బండి కూత కంటే నాకు అదే గుర్తు.

ఐదడుగుల్లో దీంతో ఏమైనా చెయ్యొచ్చా, లేక అమ్మేసి అద్దాల బీరువాలో పెట్టుకోడానికి పెద్దదొకటి కొనుక్కోమంటారా? ఇంకో సంగతి, పాయింటు (ఒక లైను రెండుగా చీలే చోటు) మీదకి రాగానే ఆగిపోతోంది. వేలితో తోస్తే మళ్లీ పోతోంది.

వాప్7_వీరుడు
అమ్మెయ్ బావా. రైలంటే 130లో పోవాలి, ప్లాట్‌ఫారం మీద చెత్త లేవాలి. ఇది పాలవ్యాను.

జీడిపప్పు_పలాస
పాలవ్యాను లేకపోతే పొద్దున్నే నీకు కాఫీ ఉండదు వీరుడూ.

బొబ్బిలి_వీణ
చిన్నదంటే మా బొబ్బిలి–సాలూరు రైల్‌బస్సు. ఎక్కి కూర్చుంటే ఆర్టీసీ బస్సు పట్టాలు తప్పి, సారీ, పట్టాలెక్కి పోతున్నట్టే ఉండేది.

గరివిడి_గోపి
అది షంటింగ్ ఇంజను కాదు కదండీ వీణ గారూ, మనుషుల్ని ఎక్కించుకునేది.

బొబ్బిలి_వీణ
చిన్నదా కాదా? అంతే నా పాయింటు.

లెక్కలమాస్టారు
సత్తి, అమ్మే ముందు ఒక లెక్క చూడు. మెయిలు బళ్లు లాగే కరెంటింజను వాప్-7 పొడవు 20.56 మీటర్లు. 87తో భాగిస్తే 23.6 సెంటీమీటర్లు. ఇప్పటి ఎల్‌హెచ్‌బీ రకం బోగీ కప్లింగులతో (పెట్టెల్ని కలిపే కొక్కేలతో) 24 మీటర్లు వేసుకో, మోడల్లో 27.6 సెం.మీ. 22 బోగీల బండి అంటే బోగీలకే ఆరు మీటర్లు దాటింది. ఇరవై అడుగులు! అది నిలబడ్డానికే, పరిగెత్తడానికి కాదు. నీ చెక్క మీద ఇంజనూ నాలుగు బోగీలూ పెడితే చక్రం కదపడానికి చోటుండదు.

అదే పైకప్పు లేని బాక్స్‌ఎన్ సరుకు వ్యాగన్ అయితే 10.7 మీటర్లు, మోడల్లో 12.3 సెం.మీ. ఇప్పుడు మిగిలిన చోటు చూడు.

వాప్7_వీరుడు
మాస్టారూ, నా బండిని లెక్కల్లో ఫెయిల్ చేశారు. సరే, నాలుగు బోగీల ప్యాసింజరు వేసుకుంటా. అయినా షంటింగ్ ఇంజనులో ఏముంది చూడ్డానికి? అరగంట నిలబడితే రెండు పెట్టెలు ఇటు నుంచి అటు పెడుతుంది. పైగా పవరు లేదు.

పాత_షంటర్
ఈ వేదికలో చదవడమే గాని రాయడం తక్కువ. "పవరు లేదు" అన్న మాట చూశాక ఊరుకోలేకపోయాను.

నేను డీజిల్ అసిస్టెంటుగా చేరి, షంటరుగా చాలా ఏళ్లు చేసి, మెయిల్ బళ్లు కూడా నడిపి రిటైరైన వాణ్ణి. ఊళ్ల పేర్లు వద్దు. డబ్ల్యూడీఎస్-6 అని ఒకటుంది, డబ్ల్యూ అంటే బ్రాడ్‌గేజి, డీ డీజిల్, ఎస్ షంటింగ్. వారణాసి డీఎల్‌డబ్ల్యూలో కట్టారు. ఆరు సిలిండర్లు వరసగా ఉండే ఆల్కో (అమెరికా కంపెనీ) రకం ఇంజను, 1400 హార్స్‌పవర్. పక్కన డబ్ల్యూడీఎం-2 పెట్టండి, పదహారు సిలిండర్లు, 2600 హార్స్‌పవర్. బరువులు చూస్తే పెద్దది సుమారు 113 టన్నులు, షంటింగ్‌ది 126 టన్నులు. సగం పవరున్నదే ఎక్కువ బరువు. ఎందుకో వీరుడు చెప్పాలి.

వాప్7_వీరుడు
తిండెక్కువ, పని తక్కువ కాబట్టి? 😄

లెక్కలమాస్టారు
షంటర్ గారూ, ఇది నాకు వదిలెయ్యండి.

1400 హార్స్‌పవర్ అంటే దాదాపు 1044 కిలోవాట్లు. యార్డులో గంటకి 10 కిలోమీటర్ల వేగం, అంటే సెకనుకి 2.78 మీటర్లు. పవర్ని వేగంతో భాగిస్తే లాగే బలం 376 కిలోన్యూటన్లు. మధ్యలో పోయే నష్టాలు పక్కన పెడదాం. ఇక పట్టా మీద చక్రానికి ఎంత పట్టు దొరుకుతుంది? పొడి పట్టా మీద బరువులో మూడో వంతుకి కాస్త తక్కువ, 0.3 అనుకుందాం. 126 టన్నులకి 371 కిలోన్యూటన్లు. రెండూ దాదాపు సమానం! ఆ వేగంలో 1400 మించి ఎంత పవరిచ్చినా చక్రం అక్కడికక్కడ జారి తిరుగుతుంది తప్ప వ్యాగన్ కదలదు. 2600ది తెచ్చినా దాని బరువుకి పట్టు 332 దగ్గరే ఆగిపోతుంది.

మెల్లగా బరువు కదపాలంటే కావలసింది గుర్రాలు కాదు, ఏనుగు.

ఆమదాలవలస_అప్ప
మాస్టారూ, మీరు స్కూల్లో ఇలాగే చెప్పుంటే నేను ఫిజిక్సులో పాసయ్యేదాన్ని.

పాత_షంటర్
మాస్టారు చెప్పింది అక్షరాలా నిజం. జల్లు పడి పట్టా తడిగా ఉన్నప్పుడు చూడాలి. నిండు వర్షంలో కాదు, మొదటి పది నిమిషాల తుంపరలో. దుమ్మూ నూనే కలిసి సబ్బులా తయారవుతుంది. నిండు బాక్స్‌ఎన్ ఒక్కటి 81 టన్నులు, 58 వ్యాగన్ల రేకు (పూర్తి గూడ్సు బండి) అంటే దాదాపు 4700 టన్నులు. దాన్ని తుంపరలో కదిపేటప్పుడు కాలి కింద ఇంజను మూలుగు మారుతుంది. చక్రం జారబోయే ముందు ఒక వణుకు వస్తుంది, అప్పుడే నాచ్ (పవరు మెట్టు) తగ్గించాలి. మీటరు చూసి తగ్గిస్తే ఆలస్యమైపోతుంది. ఇసక వదిలితే కొంత నయం.

ఇక చూడ్డానికి ఏముంది అన్నారు. రాత్రి రెండింటికి పాయింట్స్‌మన్ (కింద నిలబడి సిగ్నలిచ్చే మనిషి) చేతిలో లైటు తప్ప మీకేమీ కనపడదు. పచ్చ లైటు అడ్డంగా ఊపితే తన వైపు రమ్మని, పైకీ కిందకీ ఊపితే తన నుంచి దూరంగా పొమ్మని. తలమీద పట్టుకుని మణికట్టు తిప్పితే కప్లింగుకి మెల్లగా రమ్మని. బండికి 20 మీటర్ల ముందు పూర్తిగా ఆగాలి, మళ్లీ సిగ్నలిస్తేనే కదలాలి. ఆ లైటు ఒక్క క్షణం మాయమైందనుకోండి, ఆపెయ్యాలి. ఎందుకంటే ఆ మనిషి రెండు బఫర్ల మధ్యకి వెళ్లి ఉండొచ్చు. మెయిలు బండి నడిపినప్పుడు నాకు టైము గురించి టెన్షన్. షంటింగులో ఆ లైటు గురించి. రెండోది ఇప్పటికీ కల్లోకి వస్తుంది.

జీడిపప్పు_పలాస
రెండుసార్లు చదివాను.

వాప్7_వీరుడు
షంటర్ గారూ, పాలవ్యాను మాట వెనక్కి తీసుకుంటున్నా.

గరివిడి_గోపి
పెట్టెల మీద "నాట్ టు బి లూజ్ షంటెడ్" అని రాసుంటుంది కదా, దాని అర్థం ఏటండీ? చిన్నప్పట్నుంచి డౌటు.

పాత_షంటర్
ఇంజను తోసి, కప్లింగు లేకుండా వ్యాగన్ని దానంతట అదే పోయి తగులుకునేలా వదిలెయ్యడం లూజ్ షంటింగు. సత్తి బాబు మంచం దాకా వచ్చిన చప్పుడు అదే అయ్యుంటుంది. మనుషులెక్కే పెట్టెలకీ, గ్యాసు ట్యాంకర్లకీ అలా చెయ్యకూడదని ఆ రాత.

లీడ్స్‌లో_లింగడు
మాది చీపురుపల్లి, ఇప్పుడు ఇంగ్లండులో. ఇక్కడ క్లాస్ 08 అని ఒక షంటింగ్ ఇంజను ఉంది, జనం పడి చస్తారు దానికి. 350 హార్స్‌పవర్, టాప్ స్పీడు గంటకి 15 మైళ్లు, అంటే మన సైకిలు కుర్రాడు దాటేస్తాడు. 1952 నుంచి 1962 దాకా 996 కట్టారు. చక్రాల్ని కలుపుతూ బయట రాడ్లు ఉంటాయి, డీజిలే అయినా ఆవిరింజనులా ఆడుతుంటాయి. కొన్ని ఇంకా పని చేస్తున్నాయి. పాత రైళ్లు నడిపే హెరిటేజ్ లైన్లలో ముసలాళ్లు దాని పక్కన నిలబడి ఫొటోలు దిగుతారు.

అమెరికాలో జీఈ 44 టన్నుల ఇంజను కథ ఇంకా తమాషా. 90,000 పౌండ్ల బరువు దాటిన ఇంజనులో డ్రైవరుతో పాటు ఫైర్‌మన్ కూడా ఉండాలని 1937లో ఒప్పందం అయింది. 44 అమెరికన్ టన్నులంటే 88,000 పౌండ్లు. గీతకి ఇవతలే ఆపి 1940 నుంచి అమ్మారు. ఒక జీతం మిగులు!

ఆమదాలవలస_అప్ప
బొగ్గు లేని ఇంజనుకి ఫైర్‌మన్ ఎందుకురా లింగా?

లీడ్స్‌లో_లింగడు
యూనియన్ కోసం అప్పా. మంట లేకపోయినా ఉద్యోగం ఉండాలి కదా.

బెజవాడ_బాబాయ్
లింగడు చెప్పిన రాడ్లు మన దగ్గరా ఉన్నాయి. డబ్ల్యూడీఎస్-4, చిత్తరంజన్‌లో కట్టింది. మూడు ఇరుసులు, 60 టన్నులు, డీజిల్ హైడ్రాలిక్. మోడల్ చేస్తే అదే చెయ్యాలి, డబ్ల్యూడీఎస్-6 పొడుగైపోతుంది. నేను ప్లాస్టిక్ షీటుతో పైడొక్కు ఒకటి చేసి బయట దొరికిన మోటారు చాసిస్ మీద కూర్చోబెట్టాను. రాడ్లు సరిగ్గా రాలేదు, కుంటుతుంది.

అందరికీ ఒక మాట. హెచ్‌ఓ ట్రాకులో పట్టాల మధ్య దూరం, అంటే గేజి, 16.5 మి.మీ. అది 1435 మి.మీ. గేజికి సరిపోతుంది. మన బ్రాడ్‌గేజి 1676. 87తో భాగిస్తే 19.3 రావాలి. కాబట్టి మన ఇంజన్ని హెచ్‌ఓ ట్రాకు మీద పెడితే పెద్ద మనిషి చిన్న చెప్పులేసుకున్నట్టే. నాకు ఎప్పుడూ కంట్లో నలుసులా ఉంటుంది.

నౌపడ_నారోగేజి
బాబాయ్, దానికి మందు మా జిల్లాలోనే ఉంది. నౌపడ–పర్లాకిమిడి లైను 762 మి.మీ. 87తో భాగించండి, 8.76. హెచ్‌ఓ కంటే చిన్నదైన ఎన్ స్కేలు ట్రాకు ఎంత? 9 మి.మీ. తేడా పావు మి.మీ. లోపే! మనవాళ్ల లైన్లలో మోడలుకి ఇంత అచ్చంగా కుదిరేది నాకు తెలిసి ఇదే.

1900లో పర్లాకిమిడి రాజావారు వేయించారు, తర్వాత గుణుపూర్ దాకా పొడిగించారు. 2004లో గేజి మార్చడానికి ఆపేశారు, 2011లో గుణుపూర్ దాకా పెద్ద బండి వచ్చింది. ఎక్కడానికి సుఖం పెరిగింది, కాదనను. కానీ నౌపడలో ఒక పక్క మెయిన్‌లైను మీద మెయిలు దూసుకుపోతుంటే ఇంకో పక్క మా బుజ్జి బండి ఊపిరి పీల్చుకుంటూ నిలబడేది. చివరి స్టేషన్లో ఇంజను విడిపోయి, పక్క లైను మీంచి చుట్టూ తిరిగొచ్చి రెండో చివర తగులుకునేది. మా తాత దాన్ని "ఎద్దును ఇప్పి అటు కట్టడం" అనేవాడు. అది కూడా షంటింగే.

బొబ్బిలి_వీణ
ఎద్దు మాట బాగుంది. ఇంక నా రైల్‌బస్సుని కూడా ఒప్పుకోండి.

జీడిపప్పు_పలాస
వైజాగ్‌లో బండి దిశ మారుతుంది కదా, పలాస నుంచి విజయవాడ వెళ్లేటప్పుడు. చిన్నప్పుడు నేను "ఇంటికి తిరిగి వెళ్లిపోతున్నాం" అని ఏడ్చానంట. అక్కడ ఇంజను మార్చడం కూడా ఈ లెక్కలోకే వస్తుందా?

పాత_షంటర్
వస్తుందమ్మా. ఈ చివర ఇంజను విప్పి ఆ చివర ఇంకోటి కడతారు. విజయనగరంలోనూ అంతే, శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి పార్వతీపురం, రాయగడ వైపు పోవాలంటే ముఖం తిప్పుకోవాలి. రెండు లైన్లూ స్టేషనుకి ఒకే పక్క నుంచి వస్తాయి.

విజీనగరం_సత్తి
అందరికీ దండాలు. అమ్మడం లేదు, అది తేలిపోయింది. కానీ అసలు ప్రశ్న అలాగే ఉంది. ఐదడుగుల్లో ఏం చెయ్యాలి? పాయింటు మీద ఆగిపోవడం సంగతేంటి?

బెజవాడ_బాబాయ్
ఆగిపోవడం ముందు. నీ పాయింటులో పట్టాలు దాటుకునే చోట, వి ఆకారంలో, ప్లాస్టిక్ ముక్క ఉందా? మోడల్ ఇంజనుకి కరెంటు పట్టాల నుంచే వస్తుంది, అక్కడ రాదు. పొడుగు ఇంజనుకి ముందు చక్రాలు ప్లాస్టిక్ మీదున్నా వెనకవి పట్టా మీద ఉంటాయి, దాటేస్తుంది. చిన్నదానికి చక్రాలు దగ్గర దగ్గర, అన్నీ ఒకేసారి చీకట్లో పడతాయి. లోహపు ముక్క ఉండే పాయింటు వేసి దానికి స్విచ్చి ద్వారా కరెంటు ఇవ్వు. ఇంజనులో డీసీసీ డీకోడరు (డిజిటల్ కంట్రోలు చిప్పు) ఉంటే చిన్న కెపాసిటరు పెట్టొచ్చు, ఒకటి రెండు సెకన్లు గట్టెక్కిస్తుంది.

రెండోది, పట్టా తుడు. ఐసోప్రొపైల్ ఆల్కహాలు, పాత నూలు గుడ్డ. మెట్లు వంటింటి పక్కనేనా?

విజీనగరం_సత్తి
అవును. ఎలా తెలిసింది?

బెజవాడ_బాబాయ్
పోపు పొగ. ఆ నూనె ఆవిరి పట్టాల మీద పేరుకుంటుంది, దాని మీద దుమ్ము. షంటర్ గారు చెప్పిన సబ్బే ఇది.

ఆమదాలవలస_అప్ప
అయితే రైలు కోసం పోపు మానెయ్యమంటారా? 😂

నౌపడ_నారోగేజి
బరువు కూడా చూడు తమ్ముడూ. చిన్న మోడళ్లు తేలిగ్గా ఉంటాయి, పట్టుండదు. వలకి కట్టే సీసం గుళ్లు భావనపాడు వైపు ఎక్కడైనా దొరుకుతాయి. లోపల ఖాళీ ఉన్న చోట రెండు మూడు అతికించు, బరువు చక్రాలన్నిటి మీదా సమానంగా పడాలి. సీసం కాబట్టి చేతులు కడుక్కో, పిల్లలకి దూరంగా ఉంచు. లెక్కలమాస్టారి ఏనుగు సూత్రం ఇక్కడ కూడా పని చేస్తుంది.

లీడ్స్‌లో_లింగడు
ఐదడుగుల ప్రశ్నకి ఇంగ్లండు వాడు ఎప్పుడో జవాబు చెప్పాడు. అలన్ రైట్ అనే ఆయన చేసిన ఇంగిల్‌నుక్ సైడింగ్స్. రెండే పాయింట్లు, మూడు లైన్లు. ఒకదాంట్లో ఐదు వ్యాగన్లు పడతాయి, మిగతా రెంటిలో మూడేసి. ఇవతల ముక్కు లైనులో (ఇంజను ముందుకీ వెనక్కీ ఆడే లైను) ఇంజనూ మూడు వ్యాగన్లూ. ఎనిమిది వ్యాగన్లకీ చీటీలు రాసి డబ్బాలో వేసి ఐదు తియ్యాలి. ఏ వరసలో వచ్చాయో అదే వరసలో ఐదు పట్టే లైనులో బండి కట్టాలి. చేత్తో ముట్టుకోకూడదు.

వినడానికి పిల్లలాట. మొదటిసారి నాకు నలభై నిమిషాలు పట్టింది, చివర్లో రెండు వ్యాగన్లు తారుమారు.

లెక్కలమాస్టారు
ఎనిమిదిలో ఐదు, వరసతో సహా: 8×7×6×5×4 = 6720 రకాల బళ్లు. రోజుకొకటి కడితే పద్దెనిమిదేళ్ల పైనే.

పొడవు కూడా చూశాను. ఐదు వ్యాగన్లకి 61.5, రెండు పాయింట్లకి ఇరవయ్యేసి అనుకుంటే 40, మూడు వ్యాగన్లకి 37, ఇంజనుకి 12. మొత్తం 150.5 సెం.మీ. ఐదడుగులంటే 152.4. వేలు పెట్టే సందు మిగిలింది సత్తీ!

వాప్7_వీరుడు
ఆటలా ఉంది, ఒప్పుకుంటా. కానీ రాసి పెట్టుకోండి, ఇరవై అడుగుల హాలు కట్టిన రోజు నేను వాప్-7 బండే నడుపుతా.

గరివిడి_గోపి
ఆ బండికి బోగీలు ఎవరు తెచ్చి పెడతారు వీరుడూ?

వాప్7_వీరుడు
…

విజీనగరం_సత్తి
ఫొటోల కోసం రేపు యార్డులోకి వెళ్లి నిజం షంటింగ్ ఇంజను దగ్గర్నుంచి చూసొస్తే ఎలా ఉంటుంది?

పాత_షంటర్
వద్దు. ప్లాట్‌ఫారం మీంచి గాని, ఫుట్‌ఓవర్ బ్రిడ్జి మీంచి గాని చూడు. పట్టాల మీదకి వెళితే రైల్వే చట్టం 147 సెక్షను, ఆరు నెలల దాకా జైలు గాని, వెయ్యి రూపాయల దాకా జరిమానా గాని, రెండూ గాని. చట్టం సంగతి అలా ఉంచు. ఇంజను ఉన్న వ్యాగన్‌కి చప్పుడుంటుంది. లూజుగా వదిలినదానికి చప్పుడుండదు, వెనక నుంచి వచ్చి తగిలేదాకా తెలీదు.

విజీనగరం_సత్తి
సరే షంటర్ గారూ, బ్రిడ్జి మీంచే.

విజీనగరం_సత్తి
(మూడు వారాల తర్వాత) చెక్క సిద్ధం. లోహం పాయింట్లు వేశాను, సీసం గుళ్లు నాలుగు పట్టాయి. ఇప్పుడు పాయింటు మీద ఆగడం లేదు. వ్యాగన్లు అట్టతో చేశాను, ఒక్కోదాంట్లో ఒక్క సరుకు: నౌపడ ఉప్పు, పలాస జీడిపప్పు, నెల్లిమర్ల జనపనార, పొందూరు పత్తి, బెల్లం, ధాన్యం, గరివిడికి ఖనిజం, ఎనిమిదోది ఖాళీ. ఉప్పు వ్యాగన్లో నిజం ఉప్పే పోశాను, రెండు రోజుల్లో చెమ్మ పట్టి అట్ట మెత్తబడింది. తీసేసి తెల్ల ఇసక పోశాను.

మా ఆవిడ "ఇదేనా నీ రైలు, పక్కకి జరుగు" అని చీటీలు తీసింది. మొదటి ఆటలోనే నాకంటే ఆరు కదలికలు తక్కువ. వంటింట్లో డబ్బాలు సర్దుకునేవాళ్లకి ఇదేం లెక్క అంది. కంట్రోలరు నా చేతికి ఇవ్వడం లేదు. వీడియో కింద పెట్టాను, చూడండి.

జీడిపప్పు_పలాస
జీడిపప్పు వ్యాగన్ ఉప్పు పక్కన పెట్టారేంటి? వేయించిన జీడిపప్పా?

ఆమదాలవలస_అప్ప
చెల్లాయికి నా తరఫున ఒక పచ్చ జెండా.

పాత_షంటర్
వీడియో చూశాను. అమ్మాయి చెయ్యి మెత్తగా ఉంది. కానీ జనపనార వ్యాగన్‌కి తగిలే ముందు ఆగలేదు. 20 మీటర్ల దగ్గర ఆగాలని చెప్పాను.

లెక్కలమాస్టారు
20 మీటర్లంటే హెచ్‌ఓలో 23 సెంటీమీటర్లు.

విజీనగరం_సత్తి
చెప్పాను. ఇప్పుడే స్కేలు తెప్పించి, చెక్క మీద 23 దగ్గర సుద్దముక్కతో గీత గీసింది.